ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్ వైరస్: ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటోని ఎలా చదవాలి

వెటర్నరీ పీజీలోనో మైక్రోబయాలజీలోనో ఉన్నవాళ్ళకి ఈ ఫొటో ఎప్పుడో ఒకప్పుడు ఎదురవుతుంది. నలుపు తెలుపులో ఒక సెల్ ముక్క, మధ్యలో గుంపుగా ఆరు మూలల బొమ్మలు, కింద వైరస్ పేరు ఒక లైను. చాలామంది ఆ ఆరు మూలలు చూసి నోట్సులో ఐకోసాహెడ్రల్ (ఇరవై ముఖాల ఆకారం) అని రాసుకుని పేజీ తిప్పేస్తారు. అక్కడ ఆగిపోవద్దు. ఆ ఒక్క ఫొటోలోనే వైరస్ ఎలా ఉంటుందో, ఎలా తయారవుతుందో రెండూ ఉన్నాయి. నిర్మాణం ఒక చాప్టరు, ఎదుగుదల ఇంకో చాప్టరు అని విడదీసి చదివితే రెండూ బుర్రలో నిలవవు, అదే ఏ పొర ఎప్పుడు వచ్చి చేరింది అనే వరుస పట్టుకుంటే ఐదు పొరల పేర్లు బట్టీ పట్టక్కర్లేదు, వాటంతటవే గుర్తుంటాయి.

ముందు వైరస్ గురించి క్లుప్తంగా. 1921లో మాంట్గోమరీ అనే ఆయన కెన్యాలో పందులకొచ్చే ఈ జబ్బు గురించి మొదటిసారి వివరంగా రాశాడు. అక్కడ అడవిపందుల్లో, ఆర్నిథోడోరస్ అనే మెత్తటి గోమార్లలో ఈ వైరస్ తన మానాన తాను తిరుగుతూ ఉంటుంది, పెంపుడు పందుల్లోకి వస్తే మాత్రం మందకి మందే పోతుంది. 2007లో జార్జియాకి, 2018లో చైనాకి, 2020లో మన దేశానికి అస్సాం, అరుణాచల్ ప్రదేశ్ వైపు నుంచి వచ్చింది. మనుషులకి సోకదు. ఫ్యామిలీ పేరు ఆస్ఫార్విరిడే, అందులో ఉన్న పందుల వైరస్ ఇదొక్కటే. డీఎన్ఏ వైరస్, జీనోము దాదాపు 170 నుంచి 194 కిలోబేసుల పొడవు, అంటే పందులకొచ్చే వైరస్‌లలో పెద్ద సైజుది. పెద్దది కాబట్టే ఫొటోలో స్టేజులన్నీ విడివిడిగా కనిపిస్తాయి, మొదటిసారి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ ఫొటో చదవడం నేర్చుకునేవాళ్ళకి ఇంతకంటే మంచి వైరస్ దొరకదని నా అభిప్రాయం.

ఇంకో మాట. ఇన్ఫెక్ట్ అయిన సెల్స్‌ని కాలేజీ ల్యాబులో పెంచడానికి లేదు, అది హై కంటైన్మెంట్ ల్యాబులో మాత్రమే చేసే పని. మన దేశంలో ఈ జబ్బుని కన్ఫర్మ్ చేసేది భోపాల్‌లోని నిషాద్ అనే జాతీయ పశువ్యాధుల హై సెక్యూరిటీ సంస్థ. కాబట్టి మనం నేర్చుకునేది అచ్చయిన ఫొటోల మీదే. స్పెయిన్‌లో ఈ జబ్బు 1960 నుంచి 1995 దాకా ఉండిపోయింది, అందుకే మంచి మంచి ఫొటోలు చాలావరకు మాడ్రిడ్ ల్యాబుల నుంచి వచ్చాయి.

మొదటి పని: ఫొటో ఏ రకమో తేల్చుకోండి

మూడు రకాలు ఎదురవుతాయి. నెగెటివ్ స్టెయిన్ అయితే విడి పార్టికల్స్ మాత్రమే ఉంటాయి, చుట్టూ సెల్ ఉండదు, పైపై ఆకారం తెలుస్తుంది అంతే. క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీ అయితే నీళ్ళతో సహా గడ్డకట్టించి తీసినది, వేల పార్టికల్స్‌ని కలిపి కంప్యూటర్‌లో కట్టిన రంగురంగుల బొమ్మ వస్తుంది, నిర్మాణం చదవడానికి దాన్ని మించింది లేదు. మూడోది థిన్ సెక్షన్. సెల్స్‌ని గ్లూటరాల్డిహైడ్‌లో ఫిక్స్ చేసి, ఆస్మియం పెట్టి, ఆల్కహాల్‌తో నీళ్ళు తీసేసి, రెసిన్‌లో బిగించి, వజ్రపు కత్తితో 60, 70 నానోమీటర్ల మందంలో కోసి, యురేనియం, సీసం ఉప్పులతో స్టెయిన్ చేస్తారు. ఎదుగుదల కనబడేది ఈ మూడో రకంలోనే, ఇక్కడ చెప్పేదంతా దాని గురించే.

తర్వాత స్కేల్ బార్

ఇది వదిలేసి ముందుకి వెళ్ళొద్దు. మాగ్నిఫికేషన్ అంకెని నమ్మకండి, ఫొటోని పెద్దది చిన్నది చేస్తే ఆ అంకె పనికిరాదు, బార్ మాత్రం ఫొటోతో పాటే మారుతుంది. బార్ 500 నానోమీటర్లు అని ఉండి, స్కేలు పెట్టి కొలిస్తే 25 మిల్లీమీటర్లు వచ్చిందనుకోండి, మీ పార్టికల్ 10 మిల్లీమీటర్లు ఉంటే అది 200 నానోమీటర్లు. ఈ వైరస్‌కి సెక్షన్లలో దాదాపు 200 దగ్గర వస్తుంది. క్రయోలో మాత్రం 250, 260 అని చూస్తారు, అది చూసి కంగారు పడొద్దు, ఆల్కహాల్‌తో నీళ్ళు తీసేసినప్పుడు సెక్షన్లలో అన్నీ కొంచెం ముడుచుకుపోతాయి, పైగా బయటి పొరని కలిపి కొలిచారా కలపకుండా కొలిచారా అన్నదాన్నిబట్టి కూడా మారుతుంది.

కొలతే మిమ్మల్ని చాలా పొరపాట్ల నుంచి కాపాడుతుంది. పేరు కలిసింది కదా అని క్లాసికల్ స్వైన్ ఫీవర్‌తో కలిపేస్తారు కొందరు, దాని వైరస్ 40 నుంచి 60 నానోమీటర్లే, అది ఆర్ఎన్ఏ వైరస్, దీనికీ దానికీ ఏ చుట్టరికం లేదు. పంది సర్కోవైరస్ అయితే 17 నానోమీటర్లు, ఈ ఫొటోలో చిన్న చుక్క కూడా కాదు.

ఇప్పుడు పార్టికల్స్‌ని వదిలేసి సెల్‌ని చూడండి

ఇదే అసలు మెట్టు, అందరూ ఎగ్గొట్టేది కూడా ఇదే. కన్ను ఆరు మూలల మీదకే పోతుంది, పోనివ్వకండి. ముందు న్యూక్లియస్ ఎక్కడుందో పట్టుకోండి, దాని చుట్టూ రెండు గీతల పొర ఉంటుంది, ఇన్ఫెక్ట్ అయిన సెల్‌లో లోపలి క్రొమాటిన్ (ప్రోటీన్లతో కలిసిన సెల్ డీఎన్ఏ) అంచులకి జరిగి కనబడటం మామూలే. అది మాక్రోఫేజ్ (క్రిముల్ని మింగే రక్షణ సెల్) అయితే అంచులు ముడతలు ముడతలుగా, లోపల తిన్నవాటి సంచులు కనిపిస్తాయి. పందిలో ఈ వైరస్‌కి అసలు ఇల్లు మాక్రోఫేజే. వీరో సెల్ అయితే కోతి కిడ్నీ నుంచి వచ్చిన లైను, బీఏ71వీ అనే స్ట్రెయిన్‌ని ఆ సెల్స్‌కి అలవాటు చేశారు, పేరులో ఉన్న 71 అంటే 1971, ఆ ఏడాది స్పెయిన్‌లోని బదహోస్‌లో దొరికిన వైరస్ అది.

న్యూక్లియస్ దొరికాక దాని పక్కనే సైటోప్లాజంలో ఒక వింత ప్రదేశం వెతకండి. మిగతా సైటోప్లాజం అంతా రైబోజోముల చుక్కలతో, మైటోకాండ్రియాలతో కిక్కిరిసి ఉంటే ఈ ఒక్క చోట మాత్రం ఆ చుక్కలు పలచబడి, ఖాళీ చేసినట్టు ఉంటుంది, అంచుల్లో మైటోకాండ్రియాలు, ఎండోప్లాస్మిక్ రెటిక్యులం (సెల్ లోపలి మెంబ్రేన్ల వల) చేరి ఉంటాయి. వైరస్ ఫ్యాక్టరీ అంటే ఇదే. మైక్రోట్యూబుల్స్ (సెల్ లోపల సరుకు పోయే దారుల్లాంటి సన్నటి గొట్టాలు) అన్నీ కలిసే చోటే ఇది ఏర్పడుతుంది, చుట్టూ విమెంటిన్ తంతువులు కంచెలా అల్లుకుంటాయి.

ఫ్యాక్టరీ సైటోప్లాజంలో ఉంది అన్న ఒక్క సంగతే సగం వైరస్‌లని పక్కకి నెట్టేస్తుంది. పందుల్లో ఆజెస్కీ జబ్బు తెచ్చే హెర్పిస్ వైరస్ అయితే దాదాపు 100 నానోమీటర్ల క్యాప్సిడ్లు (వైరస్ ప్రోటీన్ పెంకులు) న్యూక్లియస్ లోపల కనబడాలి. సైటోప్లాజంలోనే ఫ్యాక్టరీ పెట్టే ఇంకో పంది వైరస్ స్వైన్ పాక్స్, కానీ దాని పిల్ల పార్టికల్స్ గుండ్రంగా ఉంటాయి, మూలలుండవు, ముదిరినవి ఇటుక ఆకారంలోకి మారతాయి. ఇరిడోవైరస్‌లు మాత్రం అచ్చం ఇలాగే ఉంటాయి, ఎంతగా అంటే ఒకప్పుడు ఈ వైరస్‌ని ఆ ఫ్యామిలీలోనే పెట్టారు, జీనోము సంగతులు తెలిశాక బయటికి తీసి దీనికి వేరే ఫ్యామిలీ ఇచ్చారు.

ఫ్యాక్టరీ లోపల ముందు చూడాల్సింది వంకర గీతలు

నాకు ఈ ఫొటోల్లో అన్నిటికంటే ఇష్టమైనది ఈ స్టేజే. పూర్తయిన పార్టికల్స్ మధ్య మధ్యలో తెగిన గీతల్లాంటివి, అర్ధచంద్రాల్లాంటివి ఉంటాయి, కొత్తవాళ్ళు వాటిని చెత్త అనుకుంటారు. అవే మొదలు. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం నుంచి తెగి వచ్చిన మెంబ్రేన్ ముక్కలు అవి. మామూలుగా సెల్‌లో మెంబ్రేన్ అనేది ఎక్కడా తెరిచిన అంచుతో ఉండదు, ఎప్పుడూ మూసుకునే ఉంటుంది, కానీ ఇక్కడ అంచులు తెరిచే ఉంటాయి, అందుకే చాలా ఏళ్ళు ఇది ఒక పొరా రెండు పొరలు అతుక్కున్నాయా అని వాదన నడిచింది. 2015 నాటికి శాస్త్రవేత్తలు ఎలక్ట్రాన్ టోమోగ్రఫీ (వేరే వేరే కోణాల్లో తీసి త్రీడీ బొమ్మ కట్టడం) లాంటి పద్ధతులతో చూసి, ఇది ఒక్క పొరే, రెటిక్యులం చిరిగి వచ్చినదే అని చూపించారు. మీ చేతిలో ఉన్న ఫొటో పాత పేపర్‌దైతే రెండు మెంబ్రేన్లు అని రాసి ఉండొచ్చు, అది చూసి తికమక పడకండి.

ఆ వంకర ముక్కని బాగా జూమ్ చేసి చూడండి. దానికి రెండు వైపులున్నాయి కదా, ఉబ్బిన వైపు, గుంట వైపు. ఉబ్బిన వైపు పీ72 అనే ప్రోటీను వరసగా పేరుకుంటూ క్యాప్సిడ్ అవుతుంది. పేరుకునే కొద్దీ ఆ గీత మెత్తగా వంగడం మానేసి మూల తిరుగుతుంది. అంటే మూల కనబడిందంటే క్యాప్సిడ్ ఎక్కుతోందని అర్థం. అదే సమయంలో గుంట వైపు కోర్ షెల్ అనే మందపాటి పొర పేరుకుంటుంది. పీపీ220, పీపీ62 అనే రెండు పొడవాటి పాలీప్రోటీన్లని వైరస్ సొంత ప్రోటియేజ్ ముక్కలు ముక్కలుగా కోస్తే వచ్చే ప్రోటీన్లతో కట్టినది అది. ఇక్కడ గమనించండి, మెంబ్రేన్ మధ్యలో, బయట క్యాప్సిడ్, లోపల కోర్ షెల్, మూడు పొరలు ఒకేసారి ఒకే ముక్క మీద పెరుగుతున్నాయి. ముందు డబ్బా తయారుచేసి తర్వాత లోపల నింపడం కాదు. ఇది ఒక్కటి అర్థమైతే పొరల వరుస ఎప్పటికీ మర్చిపోరు.

ఒకటి, రెండు, మూడు, నాలుగు వైపులు పూర్తయిన ముక్కలు ఒకే ఫ్యాక్టరీలో పక్కపక్కనే దొరుకుతాయి. పెన్సిల్‌తో వాటి మీద నంబర్లు వేసుకోండి. ఫొటోలో టైము ఉండదు, అంతా ఒక్క క్షణమే, కానీ సెల్ లోపల పార్టికల్స్ అన్నీ ఒకేసారి మొదలవ్వవు కాబట్టి వేరే వేరే వయసులవి ఒకే చోట దొరుకుతాయి, వాటిని వరసలో పెట్టుకోవడం మన పని. ఇన్ఫెక్షన్ అయ్యాక 12 నుంచి 24 గంటల మధ్య ఫిక్స్ చేసిన సెల్స్ ఫొటోలు దీనికి బాగుంటాయి, మరీ ముందైతే ఫ్యాక్టరీ సరిగా ఏర్పడదు.

తర్వాత మూసుకున్నవి: ఖాళీవి, నిండినవి

ఆరు వైపులూ మూసుకున్న పార్టికల్స్‌లో రెండు రకాలు కనబడతాయి. లోపల తెల్లగా ఉన్నవి, లోపల నల్లటి ముద్ద ఉన్నవి. ఆ నల్ల ముద్ద న్యూక్లియాయిడ్, అంటే ప్రోటీన్లతో కలిసి బిగుసుకున్న డీఎన్ఏ. కొన్ని ఫొటోల్లో అదృష్టం బాగుంటే ఇంకా పూర్తిగా మూసుకోని పార్టికల్ ఒక మూల దగ్గర నుంచి నల్లటి పదార్థం లోపలికి పోతున్నట్టు దొరుకుతుంది, ఆ మూల దగ్గర చిన్న సందు, సందులో ముద్ద. అలాంటిది దొరికితే దాని చుట్టూ గీత గీసి పెట్టుకోండి. డీఎన్ఏ చివర్లో చేరుతుందని చెప్పే దృశ్యం అది.

కానీ ఖాళీ అని రాసేముందు ఆగండి. సెక్షన్ మందం 60, 70 నానోమీటర్లు, పార్టికల్ 200, అంటే ఒక్కో పార్టికల్ మూడు నాలుగు ముక్కలుగా తెగుతుంది, మీరు చూసేది అందులో ఒక్క ముక్క మాత్రమే. బెండకాయ తరిగినప్పుడు మధ్య ముక్కలో గింజలుంటాయి, చివరి ముక్కలో ఉండవు, అంతమాత్రాన ఆ కాయలో గింజలు లేవనం కదా. పార్టికల్ అంచు నుంచి కత్తి పోతే న్యూక్లియాయిడ్ తగలదు, ఖాళీగా కనబడుతుంది. తేడా ఎలా తెలుస్తుందంటే, సైజు చూడండి. పూర్తి 200 దగ్గర ఉండి, గోడల గీతలు స్పష్టంగా సన్నగా ఉండి, లోపల తెల్లగా ఉంటే నడిమి కోతే, కాబట్టి నిజంగా ఖాళీదే. సైజు చిన్నగా ఉండి గోడ మసకగా వెడల్పుగా ఉంటే అంచు కోత, దాన్ని లెక్కలో వేసుకోకండి. ఆరు మూలలకి బదులు ఐదు మూలలు, గుండ్రం కనబడటం కూడా కోత వల్లే, అవి వేరే స్టేజులు కావు.

పొరలు లెక్కపెట్టడం

నడిమి కోత పడిన, నిండిన పార్టికల్ ఒకటి ఎంచుకోండి. మధ్య నుంచి బయటికి రండి. నల్లటి న్యూక్లియాయిడ్. దాని చుట్టూ బూడిదరంగు మందపాటి కోర్ షెల్. తర్వాత సన్నటి లోపలి మెంబ్రేన్. దాన్ని అంటుకుని మూలలున్న క్యాప్సిడ్. ఫ్యాక్టరీలో ఉన్న పార్టికల్‌కి ఇక్కడితో సరి, నాలుగే. ఐదోది కోసం ఫ్యాక్టరీలో వెతికి లాభం లేదు.

క్యాప్సిడ్ గురించి ఒక మాట, సెక్షన్‌లో అది ఒట్టి గీత, దాని అసలు సంగతి 2019లో క్రయోతో బయటపడింది. చైనా శాస్త్రవేత్తలు ఆ క్యాప్సిడ్‌లో 17,280 ప్రోటీన్లు ఉన్నాయని లెక్క తేల్చారు, అందులో పీ72వే 8,280, మూడేసి చొప్పున కలిసి 2,760 గుత్తులుగా. పీ72తో పాటు ఇతర ప్రోటీన్లు నాలుగు రకాలు లోపలి నుంచి ఆ గుత్తులని పట్టి ఉంచుతాయి. 2020లో స్పెయిన్ బృందం ఇంకో విషయం చూపించింది, కోర్ షెల్ కూడా ఊరికే పేరుకున్న ముద్ద కాదు, అది కూడా ఐకోసాహెడ్రల్ కట్టడమే అని. అంటే ఈ వైరస్‌లో రెండు క్యాప్సిడ్లు, రెండు మెంబ్రేన్లు (లోపలిది ఒకటి, కింద చెప్పబోయే బయటిది ఒకటి). సెక్షన్‌లో బూడిదరంగు పట్టీలా కనబడేది నిజానికి అంత క్రమంగా కట్టినది అని తెలిశాక ఆ పాత నలుపు తెలుపు ఫొటోలు మళ్ళీ తీసి చూస్తే వేరేగా ఉంటుంది.

ఐదో పొర కోసం సెల్ అంచుకి వెళ్ళండి

ముదిరిన పార్టికల్స్ ఫ్యాక్టరీ వదిలి మైక్రోట్యూబుల్స్ మీదుగా అంచుకి పోతాయి. ఫ్యాక్టరీకీ ప్లాస్మా మెంబ్రేన్‌కీ మధ్యలో ఒంటరిగా తిరుగుతున్న నల్ల కడుపు పార్టికల్స్ ఇవే. అంచు దగ్గర సెల్ మెంబ్రేన్ పార్టికల్ చుట్టూ పైకి లేచి, వేలు తొడుగులా పట్టి, బయటికి వదులుతుంది. ఆ తొడుగే ఐదో పొర. బయట పడిన పార్టికల్‌కి క్యాప్సిడ్ బయట ఇంకో వదులు గీత కనబడితే అదే. ఈ పొర లేని లోపలి పార్టికల్స్ కూడా ఇన్ఫెక్షన్ చేయగలవు, అందుకని నాలుగు పొరలవి సగం తయారైనవి అని రాయకండి.

మళ్ళీ కొత్త సెల్‌లోకి వెళ్ళేటప్పుడు ఈ పొరలు బయటి నుంచి ఊడిపోతాయి. ఎండోజోమ్ (బయటివాటిని లోపలికి తెచ్చుకునే సెల్ సంచి) లోపలి ఆమ్లానికి బయటి మెంబ్రేన్, క్యాప్సిడ్ పోతాయి, బయటపడిన లోపలి మెంబ్రేన్ ఎండోజోమ్ గోడతో కలిసిపోయి కోర్ సైటోప్లాజంలోకి జారుతుంది. ఆ ఫొటోలు అరుదు, సంచి లోపల మూలలు పోయి గుండ్రంగా కనబడే పార్టికల్ ఉంటే ఈ స్టేజు అనుకోండి.

చివరికి, మీ వరస సరైనదో కాదో పరీక్షించుకోవడం

మీరు పెన్సిల్‌తో వేసిన నంబర్లు ఊహే కదా, దానికి రుజువు ఏంటి? ఒక్కో జీన్‌ని ఆపేసి తీసిన ఫొటోలు. వాటిని పక్కన పెట్టుకుని చదవండి. పీ72 గానీ, దాన్ని సరిగ్గా మడతపెట్టే బీ602ఎల్ అనే చాపెరాన్‌ని గానీ ఆపేస్తే మూలలున్న పార్టికల్స్ రావు, మెంబ్రేన్లు కోర్ షెల్‌తో అతుక్కుని జిప్పు లాంటి పొడవాటి పట్టీలు ఏర్పడతాయి. గుంట వైపు పని ఆగలేదు, ఉబ్బిన వైపు పని ఆగింది, అందుకని మూలలు తిరగలేదు. పీపీ220ని ఆపేస్తే దానికి తిరగబడి ఉంటుంది, చక్కగా ఆరు మూలలతో మూసుకున్న పార్టికల్స్ వస్తాయి, లోపల మాత్రం కోర్ ఉండదు, నడిమి కోత పడినవి కూడా ఖాళీయే. ఈ120ఆర్ అనే ఇంకో వైరస్ జీన్‌ని ఆపేస్తే పార్టికల్స్ నిండుగా, ముదిరి, ఫ్యాక్టరీ దగ్గరే కుప్పపడి ఉంటాయి, అంచుకి పోవు.

ఈ మూడు ఫొటోలనీ క్యాప్షన్ మూసేసి, ఏ పని ఆగిందో మీరే చెప్పడానికి ప్రయత్నించండి. చెప్పగలిగితే ఇక ఏ ఫొటో ఇచ్చినా చదవగలరు. ఒక జాగ్రత్త, ఫార్మ్‌లో పంది చనిపోతే జబ్బు తేల్చేది ఈ ఫొటో కాదు, పీసీఆర్ (శాంపిల్‌లో వైరస్ డీఎన్ఏని పట్టే పరీక్ష). అలాంటి చోట పందిని కోయకుండా, కదిలించకుండా దగ్గర్లోని పశువుల డాక్టర్‌కి చెప్పాలి, శాంపిల్ తీయడం, చల్లగా ప్యాక్ చేసి ల్యాబుకి పంపడం వాళ్ళు చూసుకుంటారు.